నలుపు లేని రంగుల పెట్టె

పోయిన వారం కన్యకను ఇరకాటంలో పెట్టి మనం చక్కా వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

జార్జి టౌన్‌లో శివరామ్ వాళ్ళ పాత ఇల్లు మీకు గుర్తుండే ఉంటుంది. కింద పట్టునూలు గోదాము, మధ్య అంతస్తులో ఆఫీసు, పైన కాపురం. ఆ ఆఫీసు నుంచే ఆరేళ్ళ కిందట 'అంచు' అనే ప్రోగ్రాము బయటికొచ్చింది. చీరను మగ్గం ఎక్కించకముందే ఒళ్ళు, అంచు, కొంగు రంగులతో సహా కంప్యూటరు తెర మీద చూపించే ప్రోగ్రాము అది. డాసులో తప్ప నడవదు. లోకమంతా విండోసుకు మారిపోతోందని, దాన్ని కూడా మార్చమని శివరామ్ కన్యకకు అప్పగించాడు. పది నెలలు పట్టింది. మంగళవారం మొట్టమొదటిసారి విండోసు తెర మీద ముహూర్తం చీర విచ్చుకుంది. పక్క సీటు విఘ్నేష్ ఈలవేసి మైసూర్‌పాకు తెప్పించాడు. శివరామ్ వచ్చి, తెర వంక చూసి, నోటిదాకా వెళ్ళిన మైసూర్‌పాకును మళ్ళీ పొట్లంలో పెట్టేశాడు.

"ముహూర్తం చీరలో నలుపేందమ్మా?" అన్నాడు.

నిజమే. మామిడిపిందెల చుట్టూ నలుపు, గోపురం అంచు మెట్టుమెట్టుకీ నలుపు, పోగుకీ పోగుకీ నడుమ సన్నగా నలుపు. ఎర్రటి చీరను మసిగుడ్డతో తుడిచినట్టుంది. పెళ్ళిచీరలో నల్లపోగు ఒక్కటి కనిపించినా మొహం మీదే తిప్పికొట్టే జనం, ఈ ప్రోగ్రాము కొనే పట్టు వర్తకులు. పైగా శుక్రవారం చూడ్డానికి వస్తున్నది మామూలు మనిషా? ఆదికేశవులు శెట్టి! ఆయన సరే అంటే ఆయన బంధువర్గంలోని పద్నాలుగు పట్టు అంగళ్ళూ సరే అంటాయి. ఆయన వద్దంటే విండోసు మాట అంతటితో సరి, సోమవారం నుంచి కన్యక రానక్కర్లేదని శివరామ్ ముందే తేల్చి చెప్పేశాడు.

తొండియార్‌పేటలో వాళ్ళ వీధి మొత్తానికి కంప్యూటరు ఉద్యోగం చేసే ఆడపిల్ల కన్యక ఒక్కతే. హార్బరులో మూటలు మోసే వాళ్ళ నాన్న మునిరాజు ఆ మాట టీ అంగట్లో రోజుకొకసారైనా చెప్పుకోకుండా ఇంటికి రాడు. ఆయనకు ఇప్పుడు ఏమని చెప్పాలి?

బుధవారం ఉదయమంతా కన్యక తల పట్టుకుని ఆలోచించింది. జబ్బు ఎక్కడుందో పదకొండు గంటలకల్లా తెలిసింది. తెలిసి ఇంకా దిగులు పట్టుకుంది.

డాసు సొంతిల్లు లాంటిది. తెర మొత్తం మనదే, రెండువందల యాభై ఆరు రంగులూ మనవే, ఏ గూట్లో ఏ రంగైనా పెట్టుకోవచ్చు. విండోసు అలా కాదు, అది అద్దె ఇల్లు. తన బటన్లకనీ, అక్షరాలకనీ ఇరవై రంగులు యజమాని ముందే పట్టుకుని కూర్చుంటాడు. ముందు పది గూళ్ళు, చివర పది గూళ్ళు మనం ముట్టుకోవడానికి లేదు. ఆ మొదటి గూట్లో ఉండేది కారునలుపు, ఆఖరి గూట్లో ఉండేది పాలతెలుపు. పాత 'అంచు'లో మొదటి గూట్లో ఉన్నది ముదురు అరక్కు, అంటే లక్కముద్ర రంగు. గీతలన్నీ ఆ గూటి రంగుతోనే గీసేలా రాశారు. విండోసులో అదే గూట్లో చెయ్యిపెడితే నలుపు దొరికింది, అంతే సంగతి. రంగులేముందిలే, ఆఖర్న చూసుకుందాం అని పది నెలలూ వాటి జోలికి పోకపోవడమే కన్యక చేసిన పొరపాటు.

"ముదురు రంగు ముదురు రంగే కదా, ఎవురు కనిపెడతారు? సుమ్మా, ఊరికే వదిలెయ్" అన్నాడు విఘ్నేష్.

"నీ పెండ్లికి నల్లచీర పెడతా, మీ అమ్మ కనిపెడతాదో లేదో చూద్దాం" అంది కన్యక.

అరక్కును పదకొండో గూటికి జరిపి, గీతలన్నీ అక్కణ్ణుంచి గీయించడం పెద్ద పనేమీ కాదు. చిక్కంతా ఇంకొకటి. ఇరవై గూళ్ళు విండోసు లాగేసుకుంటే పాత రంగుల్లో ఇరవై బయటికి పోవాలి. ఏ ఇరవై? లెక్కప్రకారం దగ్గరదగ్గరగా ఉన్న రంగులను కలిపి చూసింది కన్యక. చీర చచ్చుబడిపోయింది. పట్టు పోయి పాలిస్టరు వచ్చి కూర్చుంది. శివరామ్‌ను అడిగితే తల గోక్కున్నాడు.

"నువ్వే చూడమ్మా. ఏదో ఒక ఇరవై తీసెయ్" అన్నాడు.

తన సొంత ప్రోగ్రాములో తన చేత్తో పెట్టిన రంగుల గురించి ఇంత తేలిగ్గా మాట్లాడతాడేమిటి ఈయన? కన్యకకు ఎక్కడో తేడా కొట్టింది. పాత ఫైళ్ళు తెరిచి చూసింది. శివరామ్ రాసిన ఫైళ్ళన్నిటి పేర్లూ అతని పేరులోని అక్షరాలతోనే మొదలవుతాయి. రంగుల ఫైలు ఒక్కదాని పేరు వేరేగా ఉంది. 'అలివేలు'. తెరిచింది. రెండువందల యాభై ఆరు రంగుల్లో నలుపు లేదు. తెలుపు లేదు. ఇదేదో తోచినట్టు పేర్చిన పని కాదని, దీని వెనక ఒక మనిషి కూర్చుని ఉందని ఆ పిల్లకు తెలిసిపోయింది.

"అలివేలు అంటే ఎవురు?" అని అడిగింది విఘ్నేష్‌ను.

"మన సార్ వదిన. పైన ఉంటారే, ఆమె. కిందికి రారు" అన్నాడతను.

ఇక కన్యక ఎవరినీ అడగలేదు. నిటారుగా ఉన్న చెక్కమెట్లు ఎక్కి పైకి వెళ్ళింది.

పైన వీధివైపు వసారాలో, పాత కంప్యూటరు ముందు, నలభై మూడు నలభై నాలుగేళ్ళ ఆవిడ తెల్లటి నూలు చీర కట్టుకుని కూర్చుని ఉంది. పక్కన తాంబాళం నిండా పట్టునూలు చిలపలు, రంగుకొక చుట్ట. తెర మీద పచ్చటి కొంగు. అడుగుల చప్పుడు వినగానే తెర మీద గబుక్కున తువ్వాలు కప్పేసింది.

"ఎవురు పాపా?"

"కింద ఆఫీసులో పనిచేస్తానమ్మా. కన్యక. రంగుల ఫైలు మీ పేరు మీద ఉండాది, దాని గురించి..."

అలివేలమ్మ మొహం పాలిపోయింది. "నా పేరా? యాడ?"

"ఫైలు పేరే అదమ్మా."

"అయ్యయ్యో! మార్చెయ్యమని ఎన్ని తూర్లు చెప్పినానో ఆ శివరాంకి! మార్చలేదా?"

మార్చడు. నడుస్తున్న ప్రోగ్రాములో ఫైలు పేరు మార్చే ధైర్యం ఏ ప్రోగ్రామరుకూ ఉండదు. ఆ సంగతి కన్యకకు తెలుసు గాని, నవ్వే సమయం కాదని ఊరుకుంది. తన కష్టం చెప్పింది. నలుపు గురించి, ఇరవై రంగుల గురించి, శుక్రవారం గురించి. అంతా విన్నాక అలివేలమ్మ తాంబాళం పక్కకి జరిపింది. తర్వాత తెర మీద తువ్వాలు తనే తీసింది.

"కూర్చో పాపా. నువ్వు తొండియార్‌పేట పిల్లవా? మాటలోనే తెలస్తా ఉండాది. ఎవురికీ చెప్పనంటే చెప్తాను."

"చెప్పనమ్మా. సత్తెంగా."

"మా ఆయన పోయి పన్నెండేండ్లు. ఆయన ఉన్నప్పుడు అంగట్లో ఆయన పక్కనే కూర్చుని నేనే నూలు జతచేసేదాన్ని. ఈ ఒంటికి ఏ అంచు పడతాది అంటే పెద్దపెద్దోళ్ళు నన్నే అడిగేవోళ్ళు. ఆయన పోయినాక, పెండ్లిచీర మీద నా చెయ్యి పడకూడదన్నారు. ఎవురో కాదు, మా అత్తే. ఆరేండ్లు నూలు పక్కకి పోలేదు నేను."

"మరి ఇది?"

"శివరాం ఈ మిషను తెచ్చి పెట్టినాడు. అత్త వచ్చి చూసింది. 'గాజులో కనిపించేది చీర కాదు గదా, దాన్ని ముట్టుకుంటే దోషం లేదులే, పొద్దన్నా పోతాది దానికి' అనింది. ఆ మాట చాలు నాకు. నాలుగు నెల్లు ఈడనే కూర్చున్నాను. ఒక్కొక్క చిలపా తెర పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో, ఎరుపు పెంచి పచ్చ తగ్గించి, కన్ను సరే అనేదాకా. నలుపు పెట్టలేదు. పెండ్లికూతురి మీద నలుపేంది? తెలుపూ పెట్టలేదు. అది నా ఒంటి మీద ఉండేది చాలు."

గాజుతెర గురించి పాతకాలం వాళ్ళు ఏ కట్టుబాటూ పెట్టి పోలేదు గనక ఒక ఆడమనిషికి ఊపిరాడిందన్నమాట! ఆరేళ్ళుగా ఊళ్ళో శివరామ్ చేతి రంగులని మెచ్చుకుంటున్నవన్నీ ఈ వసారాలో, ఈ తువ్వాలు కింద పుట్టినవి. కన్యక ముందుకు జరిగింది.

"అయితే ఆ ఇరవై మీరే చెప్పండమ్మా. వేరే ఎవురి వల్లా కాదు."

"తీసెయ్యమంటే ఎట్టా? ఊరికే కూర్చోబెట్టినానా వాటిని? ఒక్కోదానికి ఒక్కో జత ఉండాది" అంది అలివేలమ్మ చురుగ్గా. అంతలోనే గొంతు తగ్గింది. "నీ కొత్త ప్రోగ్రాము ఈ మిషన్లో నడస్తాదా?"

అబద్ధం చెప్పొచ్చు. కన్యక చెప్పలేదు. "నడవదమ్మా. కింద ఉండే కొత్త మిషన్లోనే."

"కొన్నాళ్ళకి పాతది ఎవురూ అడగరు?"

"అడగరు."

"అంటే నా పనికి నేనే మంగళం పాడుకోవాల, అంతే గదా?"

"కింద ఆఫీసులో వచ్చి కూర్చోండమ్మా. నా పక్కనే."

"అంగళ్ళోళ్ళు వచ్చిపోయే చోట నేనా? ముండమోసినామె చూసిన రంగులని తెలిస్తే ఒక్క చీర పోతాదా? శివరాం అంగడి మూతబడతాది. నీ ఉద్యోగమూ పోతాది పాపా. తెలిసి మాట్లాడు."

కన్యక లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో తుడుచుకుని మెట్లవైపు నడిచింది. మూడు మెట్లు దిగిందో లేదో వెనక నుంచి పిలుపు వినిపించింది.

"రేపు ఆ కొత్త మిషను పైకి తీసుకురా. వెలుతురు బాగుండే వేళకి."

గురువారం పొద్దున్నే కన్యకా, విఘ్నేషూ కలిసి కంప్యూటరును పైకి మోశారు. ఆ మెట్ల మీద మానిటరు ఎత్తుకుని ఎక్కడమంటే మాటలా? విఘ్నేష్ ఆయాసపడుతూనే "ఏం పని ఇది" అని గొణిగి, అలివేలమ్మ మజ్జిగ ఇచ్చేసరికి మెత్తబడి కిందికి పోయాడు. అలివేలమ్మకు మౌసు చేతికి రావడానికి గంట పట్టింది. బాణంగుర్తు తెర దాటి పారిపోతుంటే ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ రంగుల మీద చెయ్యి పెట్టింది. ఒక్కొక్కటే చూపిస్తూ, "ఇది తియ్. ఇది తియ్. ఇదీ తియ్" అంటూ పోయింది. ఉల్లిపొర రంగు. లేత జామపండు రంగు. కనకాంబరం. మెరుస్తున్న వంకాయ రంగు. పదిహేడు దగ్గర ఆగింది.

"ఇంత మంచివి తీసేస్తా ఉండారే! ఎందుకమ్మా?" అంది కన్యక ఉండబట్టలేక.

"ఇవి నా చీరల రంగులు. నా పెట్టెలో ఉన్నవి. ఆయన పోయినాక అందరూ తలా ఒకటి తీసుకుపోయినారు. మరిచిపోకుండా ఉండేదానికి ఈడ పెట్టుకున్నాను. ఆరేండ్లలో ఒక్కరూ వీటిని ఎంచలేదు, ఇప్పుడు ఎవురూ నెయ్యరు కూడా."

"వొద్దమ్మా. వేరేవి తీద్దాం."

"పెండ్లికూతుళ్ళవి తీసి నావి పెట్టుకోనా? సరిలే, చూసుకున్నంతవరకు చాలు. ఇంకా మూడు కావాల గదా? ఆ బూడిద రంగులు తియ్, శని వొదిలిపోతాది" అని నవ్వింది. కన్యకకు మాత్రం ఆ నవ్వుకు నవ్వు రాలేదు. ఒక్కొక్క రంగునూ చెరిపేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టనిపించింది.

మధ్యాహ్నానికి చీర మళ్ళీ ప్రాణం పోసుకుంది. అరక్కు గీతలు నిప్పుల్లా వెలిగాయి. శివరామ్ వచ్చి చూసి, "అబ్బ!" అన్నాడు. వదిన వంక మాత్రం చూడలేదు.

శుక్రవారం పదిన్నరకు రాహుకాలం గనక ఆదికేశవులు శెట్టిగారు తొమ్మిదిన్నరకే వచ్చేశారు. పట్టు ఉత్తరీయం, నుదుట నిలువు నామం, చేతికర్ర. ఆఫీసులో పెద్ద కుర్చీ ఆయనకే వేశారు. కన్యక తెర మీద చీర తెరిచింది. శెట్టిగారు ముందుకు వంగి, కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చూశారు.

"బలే ఉండాదప్పా శివరామా! అచ్చం మన పాతదే, ఇంకా నిగారింపుగా ఉండాది" అన్నారు.

కన్యక ఊపిరి వదిలింది. పని అయిపోయినట్టేననుకుంది. శెట్టిగారు మాత్రం కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నారు.

"మా చిన్నమ్మాయి ఇంద్రజకి తైమాసంలో, సంక్రాంతి కాగానే, ముహూర్తం. దానికి చీర ఇప్పుడే చూసుకుని పోతాను. అయిదేండ్ల కింద మా పెద్దదానికి నీ చేత్తో పెట్టిచ్చినావే, ఆ మాదిరి. ఆ చీర వేళ, అది చల్లంగా కాపరం చేసుకుంటా ఉండాది. అరక్కు ఒళ్ళు, మాంతుళిరు అంచు. నువ్వే కూర్చోని పెట్టు."

మామిడిచిగురు రంగు అంచు. అరక్కు పక్కన అది నిలవాలంటే చెయ్యి తిరగాలి. శివరామ్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక రంగు నొక్కాడు, అంచు ఇటుకలా వచ్చింది. ఇంకొకటి నొక్కాడు, తుప్పులా వచ్చింది. మెడ మీద చెమట కారుతోంది. మూడోసారి వచ్చింది చూసి శెట్టిగారు వెనక్కి వాలిపోయారు.

"ఏందిది? నీ చెయ్యి ఏమయింది?"

శివరామ్ తెర వైపు వేలు చూపించాడు. "నా చెయ్యి కాదన్నా... ఈ కొత్త ప్రోగ్రాము... ఈ పాప చేసింది. కొత్తది గదా, రంగులు సరిగ్గా పెట్టినట్టు లేదు."

కన్యక చెవులు భగ్గుమన్నాయి. పది నెలల కష్టం ఒక్క మాటతో మట్టికొట్టుకుపోయింది. ఒక్క పేరు చెబితే బయటపడొచ్చు. కానీ పైన వసారాలో ఒట్టు వేసి వచ్చింది. పళ్ళు బిగించి తల వంచుకుంది. విఘ్నేష్ ఏదో అనబోతే కళ్ళతోనే వద్దంది.

"అయితే పాతదే మేలు. నేను వస్తా" అని శెట్టిగారు కర్ర అందుకున్నారు.

"ఒక్క నిమిషం ఉండన్నా."

మెట్ల తలుపు దగ్గర నుంచి వచ్చింది గొంతు. అందరూ తిరిగి చూశారు. అలివేలమ్మ గడప అవతల నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో! శివరామ్ దిగ్గున లేచి, "వదినా, పైకి పో" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ఆవిడ పోలేదు. గడప దాటింది. "ఆ పాప పనిలో ఒక్క తప్పు లేదు. దాని మీద తొయ్యొద్దు శివరాం, పాపం తగులుకుంటాది" అంటూ వచ్చి, అతను లేచిన కుర్చీలో కూర్చుంది. నిన్ననే నేర్చుకున్న మౌసును గట్టిగా పట్టుకుంది. ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. అరక్కు పక్కన మామిడిచిగురు, అప్పుడే వాన కడిగినట్టు, మిలమిలా మెరుస్తూ వచ్చి నిలబడింది.

శెట్టిగారి చూపు చీర మీద నుంచి ఆవిడ తెల్లచీర మీదికి, అక్కణ్ణుంచి బొట్టు లేని నుదుటి మీదికి వెళ్ళింది.

"అలివేలమ్మా... ముహూర్తం చీర మీద నువ్వు చెయ్యి పెట్టినావా?"

"ఈ తూరే కాదన్నా" అంది అలివేలమ్మ. కుర్చీలోంచి లేవలేదు, కళ్ళు దించలేదు. "అయిదేండ్ల కింద మీ పెద్దపాప చీర కూడా నేనే చూసినాను. రెండు దినాలు కూర్చుని, ఆ బిడ్డ బాగుండాలని మనసులో అనుకుంటా పెట్టినాను. ఇప్పుడు మీరే చెప్పండి. ఆ బిడ్డ చల్లంగా ఉండాదా, లేదా?"